స్వతంత్ర చిత్రకారుని సన్నాహము
(ప్రసంగ పాఠము)



ద్వారకయందలి తెలుగు ఉద్యోగుల యిండ్లలో పిల్లలకు చిత్రలేఖనమున బహుమానము వచ్చినచో తలిదండ్రులు సంతోషింతురు. ఆ బిడ్డయే పెద్దయి, కథలకు బొమ్మలు వేసి బ్రతికెదనన్నచో ఇల్లు నిశ్శబ్దమగును. నెలనెలా జీతమందుకొను కుటుంబమునకు ఆ భయము సహజము, దానిని పరిహసింపరాదు. కాని భయమునకు సమాధానము నిషేధము కాదు, సన్నాహము. ఆ సన్నాహమెట్టిదో విచారించుటయే ఈ ప్రసంగోద్దేశము.

స్వతంత్ర చిత్రకారుడనగా ఇచ్చ వచ్చినపుడు బొమ్మ వేయువాడని పలువురి తలంపు. కార్యాలయమున ఉత్తరువు నిచ్చువారొకరు, పని చేయువారొకరు, లెక్క చూచువారొకరు, దస్త్రము భద్రపరచువారొకరు. స్వతంత్రునకు ఈ పనులన్నియు తన యొక్కని పైననే పడును. కొలువు విడుచుట యనగా కార్యాలయమును విడుచుట కాదు, కార్యాలయమంతయు తానే యగుట.

పూర్వులను పరికింపుడు. 1921లో శ్రీకాకుళమున జన్మించిన వడ్డాది పాపయ్యగారు విజయనగరము మహారాజా కళాశాలలో చిత్రలేఖనము నేర్పిన అధ్యాపకులు. వారి చిత్రములే చందమామ, యువ పత్రికల ముఖపత్రములపై వెలసినవి. బాపుగారు 1955లో మదరాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టము పొందిరి. కీర్తి తెచ్చినది మాత్రము గీత. చదువుగాని జీతముగాని కుంచెకు శత్రువు కాదని వీరి జీవితములు చాటుచున్నవి. 1952లో చందమామలో చేరిన శంకర్‌గారు విక్రమ భేతాళుల బొమ్మలతో ఆ పత్రికలోనే దశాబ్దములు గడపిరి. ఆ చందమామ నేడు వెలువడుట లేదు. అట్టి కొలువులు అరుదైన యీ కాలమున, బొమ్మలనే నమ్ముకొను యువకులలో పలువురికి స్వతంత్రవృత్తియే దారి.

సన్నాహమున మొదటిది పఠనము. రచయిత చెప్పినదానినే తిరిగి చెప్పు బొమ్మ కథకు బరువు. తాతకు కోపము వచ్చెనని కథలో నున్నచో కనుబొమలు ముడివేసి గీయుట సులభము. నేలపై విసరిన చేతికఱ్ఱను, తలుపు చాటున కనబడు మనుమని పాదములను గీచినచో కథ పెరుగును. మఱియు ఒకే మనుమడు పది పుటలలో పరుగెత్తినను, ఏడ్చినను, నిద్రించినను వాడే యని పాఠకుడు గుర్తింపవలెను. ప్రచురణకర్త యీ నిలకడను వెదకును. కావున చూపుటకు కూర్చుకొను బొమ్మల సంపుటములో సినిమా తారల ముఖముల కంటె ఒక కథకు వరుసగా వేసిన పది బొమ్మలు మేలు.

రెండవది పరిశీలనము. ఇందుకు ద్వారక మంచి చోటు. 2005 డిసెంబరు 31 నుండి నడచుచున్న మెట్రోలో కూర్చున్నవారి భంగిమలను చిన్న పుస్తకములో గీచుకొనుటకు రుసుము లేదు. ప్రగతి మైదానమున జరుగు ప్రపంచ పుస్తక ప్రదర్శనలో బాలల పుస్తకములను తిరగవేసి, ఏ ప్రచురణకర్త యెట్టి బొమ్మలు వాడుచున్నాడో, చిత్రకారుని పేరు ఎచట ముద్రించుచున్నాడో చూడవలెను. వసంతకుంజ్‌లో నేషనల్ బుక్ ట్రస్టు, బహదూర్‌షా జఫర్ మార్గమున కార్టూనిస్టు శంకర్ పిళ్ళెగారు 1957లో స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు గలవు.

మూడవది కాలము, లెక్క. జీతము వచ్చుచుండగనే ప్రతి బొమ్మకును చిత్తుప్రతికెన్ని గంటలు, దిద్దుబాటుకెన్ని, తుదిప్రతికెన్ని పట్టెనో వ్రాసికొనవలెను. ఆ లెక్క లేనివాడు ధర చెప్పలేడు, చెప్పినను నష్టపోవును. పని దొరకని నెలలకు ఇంటి వ్యయము ముందే కూడబెట్టవలెను. ఉద్యోగులైన చిత్రకారులకు మరొక మాట: 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమావళిలో 15వ నియమము అనుమతి లేని వ్యాపారమును నిషేధించుచున్నది, కాని ఉద్యోగధర్మమునకు భంగము రానంతవరకు సాహిత్య, కళా సంబంధమైన అడపాదడపా పనికి ముందనుమతి అక్కరలేదనుచున్నది. ఆ హద్దులోనే చేయి సాధన చేయవచ్చును.

నాల్గవది వ్రాతపత్రము. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, ప్రతిఫలము పుచ్చుకొని ఒకరి కోరికపై వేసిన వర్ణచిత్రమునకు, వేరు ఒప్పందము లేనియెడల, కోరినవారే తొలి హక్కుదారులు. హక్కును బదిలీ చేయు పత్రము సంతకముతో నుండవలెను. కాలము పేర్కొననిచో ఆ బదిలీ 5 సంవత్సరములకు, ప్రదేశము పేర్కొననిచో భారతదేశమునకు మాత్రమే చెల్లును. వేసినవారు తామని చెప్పుకొను హక్కు మాత్రము అమ్మినను పోదు. కావున బొమ్మల సంఖ్య, గడువు, ఎన్ని మారులు దిద్దవలెనో, ధర, హక్కు, ఈ అయిదింటిని వ్రాసికొనక కుంచె పట్టరాదు. నోటిమాటపై దస్త్రము కదలదని ఉద్యోగులకు వేఱుగ చెప్పనక్కరలేదు.

తలిదండ్రులకు ఒక విన్నపము. బొమ్మలు వేయు బిడ్డను, ఎంత వచ్చునని మొదటనే అడుగకుడు. ఈ నెల ఏమి చదివితివి, ఏ గడువునకు ఏమి అందించితివి, ఒప్పందమేది చూపుమని అడుగుడు. వీనికి సరియైన జవాబు వచ్చిననాడు ఆ బిడ్డకు నియామకపత్రము లేకున్నను ఉద్యోగము వచ్చినట్లే. జవాబు రానిచో కొంతకాలము జీతముపై నుండి సాధన చేయుమని చెప్పుట ప్రేమయే గాని నిరుత్సాహపరచుట కాదు. బొమ్మల వృత్తిలో పిలిచి పని చెప్పు అధికారి యుండడు; హాజరుపట్టీ నుంచుకొని, ప్రతిదినము అందు సంతకము చేయవలసినది చిత్రకారుడే.