బొమ్మా? బొరుసా?

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ఇప్పుడే ముగిసింది. ఏ రాశివారికి ఆదాయం ఎంతో, వ్యయం ఎంతో, రాజపూజ్యం ఎంతో, అవమానం ఎంతో శాస్త్రులుగారు చదివి వినిపించారు. ఆ వెంటనే మమ్మల్ని లేవదీసి నాలుగు మాటలు చెప్పమంటే మాకు మా పంచాంగమే గుర్తుకు వచ్చింది. మేము ఈ చెన్నపట్నంలో, రాజాజీ సాలై మీద కస్టమ్స్ హౌసు నీడన, ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ముప్ఫైయేళ్ళు కాగితాలు నింపినవాళ్ళం. మా పంచాంగం పేరు టారిఫ్. దానిలో 21 భాగాలు, 97 అధ్యాయాలు. 77వ అధ్యాయం ఖాళీ. ముందు ముందు అవసరం పడవచ్చునని అట్టే పెట్టారు. లోకంలో పుట్టిన ప్రతి వస్తువుకూ అందులో ఒక గడి ఉన్నది. ఏ గడిలో పడితే ఆ గడి చొప్పున వ్యయం. అవమానం మాత్రం అందరికీ సమానమే.

ఈ పుస్తకం మన ఒక్క దేశానిదే కాదు. బ్రస్సెల్సులో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన పద్దతి ఇది. 1988 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. రెండువందలకు పైగా దేశాలు, ఆర్థిక కూటములు దానినే వాడుతున్నాయి. వస్తువుకు ఇచ్చే మొదటి ఆరు అంకెలు అందరికీ ఒక్కటే. వాటి మీద ఎంత సుంకం వేయాలన్నది ఎవరి ఇష్టం వారిది.

ఈవేళ మేము చెప్పదలచినది 95వ అధ్యాయం గురించి. అది పిల్లల అధ్యాయం. బొమ్మలు, ఆటవస్తువులు, పేకముక్కలు, పండుగ సరకులు, ఆటల సామాను అందులో ఉంటాయి. పైకి నవ్వులాటగా కనబడుతుంది కాని, గడ్డాలు నెరసిన లాయర్లు కోటుగుండీలు ఊడేలా పోట్లాడుకున్నది ఈ అధ్యాయంలోనే.

చిక్కు ఎక్కడ వస్తుందో మన తెలుగువాళ్ళకు వేగిరం అర్థం కాదు. ఎందుకంటే మనకు ‘బొమ్మ’ అనే ఒక్క మాట ఉన్నది. పాపాయి చంకలోది బొమ్మ. పుస్తకంలో వేసినది బొమ్మ. గుడి స్తంభం మీద చెక్కినది బొమ్మ. గోడకు తగిలించినది బొమ్మ. సినిమాహాల్లో తెరమీద పడేదీ బొమ్మే. రూపాయిబిళ్ళ ఎగరేస్తే పైకి తిరిగేదీ బొమ్మే. టారిఫ్ పుస్తకం ఈ ఉమ్మడి కుటుంబాన్ని ఒప్పుకోదు, వేరు కాపురాలు పెట్టిస్తుంది. అచ్చుబొమ్మ అయితే 49వ అధ్యాయం. అలంకారానికి పెట్టుకొనే చెక్కబొమ్మ అయితే 44లో 4420. పిల్లలు ఆడుకొనేది అయితే 9503. పండుగకు మాత్రమే పనికివచ్చేది అయితే 9505. శిల్పి స్వయంగా చేసిన మూలశిల్పం అయితే 97వ అధ్యాయం. నూరేళ్ళు దాటిన పురాతన వస్తువు అయితే ఆ అధ్యాయంలోనే 9706.

రెండు గడులలోనూ పట్టే వస్తువు వస్తే ఏం చేయాలో పుస్తకం మొదట్లోనే చెప్పారు. విశేషంగా చెప్పిన పేరు, సామాన్యంగా చెప్పిన పేరుకంటె బలమైనది. కలగలుపు వస్తువై అలా తేలకపోతే, దానికి అసలు ప్రాణం ఏ భాగంలో ఉన్నదో చూడాలి. అదీ తేలకపోతే, అంకెల వరసలో చివర వచ్చేదే ఖాయం. మొదటి రెండూ తర్కశాస్త్రం. మూడవది మాత్రం బొమ్మా బొరుసా ఆటేనని మా అభిప్రాయం.

పేకముక్కల సంగతి ముందు చెబుతాము. పేకను చూస్తే ప్రభుత్వాలకు ఎప్పుడూ నోరూరుతూనే ఉన్నది. ఇంగ్లండులో 1463లోనే విదేశీ పేకను దిగుమతి చేయరాదని చట్టం చేశారు. 1711 నుంచి ఒక్కొక్క కట్టకు ఆరు పెన్నీల పన్ను వేశారు. పన్ను కట్టినట్టు గుర్తు ఇస్పేటు ఆసు మీద పడేది. అందుకే నేటికీ ఆ ఒక్క ముక్క మీద అంత పెద్ద నగిషీ. ఆ ఆసును దొంగచాటుగా అచ్చువేసినందుకు రిచర్డ్ హార్డింగ్ అనే అతన్ని 1805లో ఉరితీశారు. పేకాటలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళను మనం ఎరుగుదుం గాని, ఒక్క ముక్కకు ప్రాణమే పోయినవాడు ఇతడు. ఆ పన్ను 1960 దాకా బతికింది.

మన దేశపు పేక గుండ్రంగా ఉండేది. దాని పేరు గంజీఫా. బాబరు 1527లో సింధులోని ఒక మిత్రునికి గంజీఫా పంపినట్టు తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. దశావతారాల కట్టలో 120 ముక్కలు, అన్నీ చేతితో వేసినవే. మన నిర్మల్‌లోనూ, మైసూరులోనూ, మహారాష్ట్రలో సావంతవాడిలోనూ, ఒడిశాలో రఘురాజపురంలోనూ ఈ పని ఉన్నది. మన తెలుగు సంఘాలున్న రాష్ట్రాలన్నీ దాదాపు ఇందులోకి వచ్చాయి. ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ కట్టను లండనులో దింపితే అది పేకా, చిత్రమా? చిత్రాల గడిలో మినహాయింపు ఒకటి ఉన్నది: తయారుచేసిన వస్తువును చేతితో అలంకరిస్తే అది చిత్రం కాదు. కనుక పేకే. కాని నూరేళ్ళు దాటిన కట్ట అయితే? అప్పుడు 9706కు పోతుంది. తాతగారు ఆడినది పేక, ముత్తాతగారు ఆడినది పురాతన వస్తువు అన్నమాట.

ఇక బొమ్మల వ్యాజ్యాలు. అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ 1964లో జి.ఐ. జో అనే సిపాయి బొమ్మను బజారులో పెట్టింది. మగపిల్లలు ‘డాల్’తో ఆడుకుంటారా అని తల్లిదండ్రులు ముఖం చిట్లిస్తారని, దానికి ‘యాక్షన్ ఫిగర్’ అని కొత్త పేరు కట్టారు. బజారు నమ్మింది. సుంకరి నమ్మలేదు. తగవు అప్పీలు కోర్టు దాకా పోయింది. 1989లో కోర్టు అది డాలేనని తేల్చింది. చేతిలో తుపాకి ఉన్నంత మాత్రాన మనిషి రూపు పోదు గదా!

అంతకంటె వింతైనది ఎక్స్‌మెన్ వ్యాజ్యం. ఎక్స్‌మెన్ అంటే 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించిన కథావీరులు. పుట్టుకతోనే వింత శక్తులు గలవాళ్ళు. ఒకడికి చేతుల్లోంచి కత్తుల్లాంటి గోళ్ళు వస్తాయి. ‘మేమూ మనుషులమే, మమ్మల్ని మీలో కలుపుకోండి’ అన్నదే ఆ కథలన్నిటికీ ఆయువుపట్టు. లోకం ఒప్పుకోదు. ఆ పోరాటం చదివి కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లలు లక్షలమంది.

ఆ వీరుల బొమ్మలను టాయ్ బిజ్ అనే కంపెనీ చైనా నుంచి తెప్పించింది. ఆనాటి అమెరికా పుస్తకంలో మనుషులను మాత్రమే పోలిన బొమ్మ అయితే 9502 గడి, నూటికి 12 వంతున సుంకం. జంతువో, మనిషి కాని మరొక ప్రాణియో అయితే 9503 గడి, నూటికి 6.8. ఇంకేముంది! ‘మా వీరులు మనుషులు కారు మహాప్రభో’ అని కంపెనీ లాయర్లు, ‘కాదు, మనుషులే’ అని ప్రభుత్వ లాయర్లు. కథలో వాళ్ళను మనుషులుగా ఒప్పుకోనిది ప్రభుత్వం. కోర్టులో ఒప్పుకున్నదీ ప్రభుత్వమే. న్యాయమూర్తి జూడిత్ బార్జిలే ఒక్కొక్క బొమ్మను ముందు పెట్టుకుని గోళ్ళు, తోకలు, రంగులు పరిశీలించి 2003 జనవరిలో తీర్పు చెప్పారు. వాళ్ళు మనుషులు కారు. కంపెనీ గెలిచింది, అభిమానులు గొల్లుమన్నారు.

మాకు ఆ తీర్పు చదివినప్పుడు నరసింహస్వామి జ్ఞాపకం వచ్చారు. ఆయన బొమ్మను ఆ బల్లమీద పెడితే ఏ గడిలో వేసేవారో! మనిషి చేతగాని, మృగం చేతగాని, ఇంటగాని, బయటగాని, పగలుగాని, రాత్రిగాని చావు లేకుండా హిరణ్యకశిపుడు వరం పుచ్చుకున్నాడు. నిర్వచనాలను నమ్ముకున్న మొట్టమొదటి దిగుమతిదారు ఆయనేనని మా ఆఫీసులో ఒక ఛలోక్తి ఉండేది. మనుషులను, మనుషులు కానివారిని విడదీసే 9502 గడిని 2007లో పుస్తకం తిరగవ్రాసినప్పుడు ఎత్తివేసి, 9503లో కలిపేశారు. వాళ్ళ కాపురం ఇప్పుడు ఒకే కప్పు కింద.

మన దేశపు మాటకు వద్దాం. 2020 ఫిబ్రవరిలో ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం నూటికి 20 నుంచి 60కి పెంచారు. 2023లో 70 చేశారు. మన పనివాళ్ళకు ఊపిరి ఆడాలంటే అది కావాలన్నవారి మాటను మేము కాదనము. ఏటికొప్పాక లక్కబొమ్మలు తిప్పేవారికి, కొండపల్లిలో తెల్లపొణికి చెక్కేవారికి చవక ప్లాస్టిక్కుతో పోటీ పడడం ఎంత కష్టమో తెలిసినదే. ఆ 2020లోనే బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసే ఉత్తర్వు వచ్చింది. యంత్రాల ఫ్యాక్టరీకీ, చేతి ఉలికీ ఒకటే పరీక్షా అని ఆందోళన కలిగితే, నమోదైన హస్తకళాకారులకూ, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకూ ఆ డిసెంబరులో మినహాయింపు ఇచ్చారు. చూశారా, అక్కడ కూడా ‘ఇది బొమ్మా, కళా?’ అన్న ప్రశ్నే అన్నం పెట్టింది.

కాని ఆ పెంపు వచ్చినది 9503 గడికి. పేక, బల్లమీది ఆటలు ఉండే 9504 గడికి రాలేదు. పజిళ్ళన్నీ 9503లో ఉన్నాయి. ఇక్కడ ఒక చిన్న వర్తకుడు చిక్కుకున్నాడు. మా దగ్గరకు వచ్చే పార్టీయే. పిల్లల కార్డుల పెట్టెలు తెప్పించాడు. ముక్కల మీద జంతువుల బొమ్మలు. పంచుకుని ఆడడానికి నియమాల కాగితం ఉన్నది. అన్నీ వరసగా పేరిస్తే ఒక అడవి బొమ్మ కూడా ఏర్పడుతుంది. ఆడితే పేక, పేరిస్తే పజిలు. 20కీ 60కీ మధ్య నిలబడ్డాడు పాపం.

మా పాతకాలంలో అయితే అప్రైజరుగారి ఎదుట పెట్టె విప్పి, నాలుగు ముక్కలు పంచి చూపించేవాళ్ళం. ‘సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్లు’ అని సామెత ఉన్నా, చెప్పుకోవడానికి ఒక ముఖం ఉండేది. ఆ యేడే ముఖం చూడని పద్దతి వచ్చింది. కాగితం ఒక ఊళ్ళో, సరకు ఒక ఊళ్ళో, అధికారి మరొక ఊళ్ళో. తెరమీద ప్రశ్న వచ్చింది: ముక్కలు కలిస్తే బొమ్మ ఏర్పడునా? ఏర్పడునని నిజమే వ్రాశాము. ఆటలో గెలుపు ఓటములు ఉన్నాయని, పజిలుకు అవి ఉండవని, పెట్టెకు ప్రాణం ఆటేనని రెండు పేజీలు వ్రాశాము. పజిలేనని జవాబు వచ్చింది. అప్పీలు చేద్దామన్నాము. రేవులో డెమరేజి రోజురోజుకూ పెరుగుతుంటే అప్పీలు ఎవరికి కావాలి? కట్టి విడిపించుకున్నాడు. ఆ ధరకు సగం పెట్టెలు కూడా పోలేదు. మిగిలినవి వీధి పిల్లలకు పంచిపెట్టాడు. వాళ్ళు వాటితో పేకే ఆడారు. పేర్చి చూసినవాడు ఒక్కడూ మాకు కనబడలేదు.

చివరకు మా ఇంటి వ్యవహారం. 2019లో మా తమ్ముడి కూతురు న్యూజెర్సీలో మొదటిసారి బొమ్మల కొలువు పెడతానని, ‘పెదనాన్నా, మన బొమ్మలు పంపించు’ అన్నది. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు సర్దాము. మా అమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్న తిరుపతి చెక్క రాజూరాణీ జంటను పైన పెట్టాము. కొలువులో పై మెట్టు ఎప్పుడూ వాళ్ళదే.

కొరియరు కౌంటరులో అమ్మాయి ‘టాయ్స్’ అని వ్రాయబోయింది. ముప్ఫైయేళ్ళ రోగం ఊరుకుంటుందా? ‘ఆడుకొనేవి కావమ్మా, ముట్టుకుంటే మా అమ్మ చేతిమీద కొట్టేది’ అన్నాము. అలంకారానికి పెట్టే చెక్కబొమ్మలు 4420 గడి కదా అని మొదలుపెట్టాము. కొలువు పండుగకు తప్ప మరెప్పుడూ దించము కనుక 9505 అనీ వాదించవచ్చు. క్రిస్మస్ అలంకారాల విషయంలో అమెరికా అప్పీలు కోర్టు 1997లో దిగుమతిదారు పక్షాన తీర్పు చెప్పింది కదా, దసరా ఏం పాపం చేసింది అన్నాము. వెనక వరస పెరిగింది. ‘మీ ఆఫీసు ఇక్కడ తెరవకండి’ అని మా ఇంటావిడ కొంగు బిగించింది.

అప్పుడా అమ్మాయి మామూలుగా ఒక మాట అడిగింది: ‘ఏ చెక్క సార్?’

ఏనుగుది తెల్లపొణికి. లక్కపిడతలది అంకుడు, చెన్నపట్నణ బొమ్మలు చేసే చెక్కే అది, కన్నడంలో వేరే పేరు. రాజూరాణీది మాత్రం ఎర్రచందనం. ఆ చెట్టు 1995 నుంచి అంతర్జాతీయ ఒప్పందపు రెండవ పట్టికలో ఉన్నది. అనుమతి లేనిదే దాని ముక్క దేశం దాటరాదు. ‘ఉడ్’ అని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఒకప్పుడు మా ముందు కూర్చున్న పార్టీలు సరిగ్గా అటువంటి సలహాయే అడిగేవారు, మేము ఇవ్వలేదు. కలం పట్టుకుని నిలబడ్డాము. మా ఇంటావిడ మా ముఖం చూసి, పెట్టె విప్పి, ఆ జంటను తీసి చేతిసంచిలో వేసుకున్నది.

ఇంటికి వచ్చి వాళ్ళిద్దరికీ పట్టుబట్టలు కట్టి, ఫోటో తీయించి, వేరే కవరులో పంపించాము. ఫోటో 49వ అధ్యాయం, ఎవరికీ ఆక్షేపణ లేదు. నవరాత్రులలో పిల్ల వీడియోలో కొలువు చూపించింది. కింది మెట్ల మీద మనం పంపినవన్నీ ఉన్నాయి. పై మెట్టు మీద చట్రం కట్టించిన ఆ ఫోటో. దాని ముందు అక్షింతలు.

‘బొమ్మ బాగా వచ్చిందా పెదనాన్నా?’ అని అడిగింది.