తల్లిదండ్రులను కోల్పోయిన బిడ్డ కన్నీరు





2025 నవంబరు 3వ తేదీ ఉదయం తాండూరు నుండి హైదరాబాదుకు బయలుదేరిన ఆర్టీసీ బస్సును చేవెళ్ల సమీపాన మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఢీకొన్నది. 19 మంది మరణించారు. వారిలో తాండూరు ప్రాంతం వారు అనేకులు. తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లలున్నారు. అటువంటి ఇళ్లలో మిగిలిన పిల్లల గురించే నేడు మాట్లాడదలచాము.

మరణవార్త రాగానే మనం పిల్లలను పక్కింటికి పంపుతాము. "అబ్బా ఊరికి వెళ్లారు, వస్తారు" అంటాము. ప్రేమతోనే అంటాము. జనాజా వెళ్లిపోతుంది, బిడ్డ వాకిలి వైపు చూస్తూనే ఉంటాడు. ఒకనాడు బడిలో తోటి పిల్లవాడు నిజం చెబుతాడు. ఆనాటి నుండి ఆ బిడ్డ మన మాట నమ్మడు.

దైవప్రవక్త (స) వారి పద్ధతి వేరు. హిజ్రీ 8వ సంవత్సరం మూతా యుద్ధంలో ఆయన తండ్రి సోదరుని కుమారుడు హజ్రత్ జాఫర్ (రజి) అమరులయ్యారు. ఆ వార్త చెప్పడానికి ప్రవక్త (స) స్వయంగా ఆ ఇంటికి విచ్చేశారు. పిల్లలను రప్పించి అక్కున చేర్చుకున్నారు. ఆయన కళ్లు వర్షించాయి. పిల్లలెదుట కన్నీరు దాచలేదు. ఆ ఇంటికి భోజనం పంపమన్నారు. మూడు దినాల తర్వాత మరల వచ్చి, మంగలిని పిలిపించి పిల్లల తలలు గొరిగించారు. ఒకడు తాతను, మరొకడు తనను పోలి ఉన్నారని ముచ్చటించారు. తల్లి వారి అనాథ స్థితిని తలచి వాపోగా, వారికి తానే సంరక్షకుడినని అభయమిచ్చారు.

కొందరు ఆ మూడు దినాల మాటనే పట్టుకొని, నాల్గవ రోజు నుండి బిడ్డను ఏడవవద్దని గద్దిస్తారు. ఆరేళ్ల వయసులో తల్లిని కోల్పోయిన మన ప్రవక్త (స), దశాబ్దాల తర్వాత ఆమె సమాధి వద్ద నిలిచి ఏడ్చారు. చుట్టూ ఉన్నవారినీ ఏడిపించారు. మరి పసిబిడ్డకు గడువు పెట్టే హక్కు మనకెక్కడిది?

చాలీస్వాఁ వరకు ఇల్లు బంధువులతో నిండి ఉంటుంది. (ఆ ఆచారంపై ఉలమాల అభిప్రాయభేదాలు నేటి అంశం కాదు.) ఆ తర్వాతనే బిడ్డకు చిచ్చా, మామూ, నానీల అవసరం ఎక్కువ. అదే ప్రశ్న పదిసార్లు అడిగితే పదిసార్లూ ఓర్పుతో జవాబు చెప్పండి. అల్లాహ్ మంచివారిని తొందరగా తీసుకెళతాడని చెప్పకండి. బిడ్డ మంచిగా ఉండటానికే భయపడతాడు. బస్సు ఎక్కనంటే పిరికివాడనకండి; కొడంగల్ నుండి తాండూరు దాకా పక్కన కూర్చొని వెళ్లండి. పోయినవారి పేరు ఇంట్లో వినబడనివ్వండి. పెంచుకున్న పిట్ట చనిపోయి దిగులుగా ఉన్న పసివాడు అబూ ఉమైర్‌ను ఆ పిట్ట పేరెత్తి పలకరించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది.

మీ వీధిలో అటువంటి బిడ్డ ఉంటే అస్ర్ తర్వాత వెంటబెట్టుకొని రండి. సంతానం చేసే దుఆ మరణించిన తల్లిదండ్రులకు చేరుతుంది; దానిని ఎలా చేయాలో నేర్పుతాము. మగ్రిబ్ వరకు మేము మస్జిదులోనే ఉంటాము.