గోదారి గట్టు మీద మన వాటా
(కోనసీమలో జరిగిన రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం వేదిక మీద పర్యాటకం మాటెందుకని కొందరు అడిగారు. సరైన ప్రశ్నే. మురుగు పోక, ధర గిట్టక 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ఆ బాధలు తీరాయని ఇక్కడ ఎవరూ అనరు. మద్దతు ధర కోసం, డ్రెయిన్ల పూడికతీత కోసం మన పోరాటం ఆగదు. పర్యాటకం దానికి బదులు కాదు. కానీ మన గట్టు మీదికి వచ్చే డబ్బు ఎవరి చేతికి పోతోందో చూసుకోవడం కూడా సంఘం పనే.

దిండి చూడటానికి వచ్చే కుటుంబానికి పడవ కావాలి, భోజనం కావాలి, కొబ్బరి బోండాం కావాలి, వెళ్లేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు కావాలి. ఇవన్నీ మన దగ్గరే ఉన్నాయి. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ పడవవాడు ఒకచోట, తోట రైతు ఒకచోట, మెస్ నడిపే అక్క మరోచోట. ఎవరికి వారుగా ఉన్నంతకాలం సరుకు మనది, బేరం ఏజెంటుది.

విడివిడిగా ఉండటంలో అంతకన్నా పెద్ద ముప్పు ఉంది. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా పాపికొండలకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. సుమారు 50 మంది ప్రాణాలు పోయాయి. తర్వాత పడవలన్నీ ఆగిపోయాయి. జాగ్రత్తగా నడిపిన వాడి పడవా ఒడ్డునే ఉండిపోయింది. పేరంటాలపల్లిలో వెదురు వస్తువులు అమ్ముకునే గిరిజనులకూ బేరం పోయింది. నది మీద ఒకరి తప్పు అందరి కడుపు కొడుతుంది. అందుకే కలవడమంటే ఉమ్మడిగా కరపత్రం వేసుకోవడం కాదు, ఉమ్మడిగా కట్టుబాటు పెట్టుకోవడం.

దారి ఉంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాల వాళ్లు పది మంది కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. ప్రభుత్వ వాటా ఉండదు. నియమావళి మనమే రాసుకుంటాం. అందులో నాలుగు మాటలు ఉండాలని నా ప్రతిపాదన.

ఒకటి, అనుమతి ఉన్నంత మందినే ఎక్కించాలి. లైఫ్ జాకెట్ వేసుకోనిదే పడవ కదలకూడదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చేదాకా ఆగొద్దు. ఎర్రనీరు దిగి వడి పెరగగానే పడవ కట్టేయాలి.

రెండు, ధరలన్నీ ఒకే బోర్డు మీద ఉండాలి. ప్రతి టిక్కెట్టు నుంచి కొంత తీసి బీమాకూ, పడవలు ఆగే వరద నెలలకూ దాచాలి.

మూడు, తోట చూపించి సంపాదిద్దాం, తోట అమ్మి కాదు. గట్టు పక్క భూమిని రిసార్టుకు అమ్ముకున్న రైతు రేపు అదే గేటు దగ్గర కాపలాదారు అవుతాడు.

నాలుగు, కాలువలో పడేసిన ప్లాస్టిక్ చివరికి మన చేలోకే వస్తుంది. చెత్త వెనక్కి తెచ్చే బాధ్యత పడవదే.

2015 తర్వాత గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తున్నాయి. జనం ఎలాగూ వస్తారు. అప్పటికి మనం కలిసి ఉంటే ఆతిథ్యం ఇచ్చేవాళ్లమవుతాం, లేకపోతే కూలికి పోయేవాళ్లమవుతాం. వచ్చే నెల సమావేశానికి ప్రతి రేవు నుంచీ పది పేర్లు రాసుకు రండి. పని అక్కడ మొదలుపెడదాం.