ఏనుగు దంతపు చదరంగం



2019లో జిల్లా మూడుగా విడిపోయి మన కావేరిపాక్కం రాణిపేట వంతుకు వచ్చినది. అంతమాత్రాన వేలూరు కోట మనకు పరాయిది కాలేదు. ఒక సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకొని ఆ కోటలోని ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లవలసినదని కోరుతున్నాను.

కండీ రాజ్యపు చివరి ప్రభువు శ్రీవిక్రమ రాజసింహుని ఏనుగు దంతపు చదరంగపు బల్ల అక్కడ ఉన్నది. ఆయన తొలి పేరు కన్నస్వామి. తెలుగు మూలాలు గల నాయక వంశీయుడు. 1815లో ఆంగ్లేయులు ఆయనను పట్టుకొని, తరువాత ఈ కోటలోనే బంధించారు. 1832లో ఇక్కడే కన్నుమూశారు. పాలారు ఒడ్డున సమాధి ఉన్నది, అదీ చూపించండి.

ఆ బల్ల ముందు నిలబడి ఈ కథను తెలుగులో చెప్పండి. ఇంటికి వచ్చాక గడులు గీసి ఆడించండి. రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, శకటు, బంటు! శకటు అన్న మాట మీలో ఎందరికి గుర్తున్నది?

2006 నాటి తమిళ బోధన చట్టం తరువాత బడిలో మన భాషకు చోటు కుదించుకుపోయినది. కనుక బడి వెలుపలి చోట్లను వదులుకోరాదు. భాషను కాపాడుకొనే హక్కు రాజ్యాంగం 29వ అధికరణం మనకిచ్చినదే. అది తరగతి గదికి పరిమితం కాదు. మ్యూజియంలోని ప్రతి వస్తువుకు తెలుగు వివరణ కూడా ఉండాలని అర్జీ రాసి తెచ్చాను. వెనుక బల్లమీద ఉన్నది. పెద్దలు సంతకం చేయండి, పిల్లల చేత కూడా చేయించండి, తెలుగులోనే.