పెరిగిన ధర ఎవరి దగ్గర ఆగుతోంది?

కరెంటు, డీజిల్, గ్యాస్ ధరల ప్రసక్తి వస్తే సరఫరా, గిరాకీ అనే రెండు మాటలతో అంతా చెప్పేశామనుకుంటారు అర్థశాస్త్రవేత్తలు. పెరిగిన ధర ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి దిగుతుందో, చివరికి ఎవరి దగ్గర ఆగుతుందో మన నెల్లూరు తీరంలోనే చూద్దాం.

కృష్ణపట్నం దగ్గర నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. 2015లో రెండు యూనిట్లు, 2023లో మూడోది, మొత్తం 2400 మెగావాట్లు. చుట్టుపక్కల ప్రైవేటు కేంద్రాలు వేరే. విదేశీ బొగ్గు ఓడల్లో దిగే తీరమిది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ప్రపంచమంతటా బొగ్గు ధర ఎగిసింది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రంలో కరెంటు చాలక పరిశ్రమలకు వారానికో రోజు సెలవు పెట్టారు. మరుసటి ఏడాది నుంచి, కొనుగోలు ఖర్చు పెరిగితే యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా బిల్లులో కలుపుకునే వీలు పంపిణీ సంస్థలకు దొరికింది. అంటే, పైనున్న వాళ్లకు ధరను కిందికి దాటించే దారి నిబంధనల్లోనే ఉంది. 1998 విద్యుత్ సంస్కరణల చట్టం నాటి నుంచి మనకు చెబుతున్న ‘ఖర్చుకు తగ్గ ధర’ ఇదే. 2000లో బషీర్‌బాగ్ కాల్పుల దాకా వెళ్లిన పోరాటం దీని మీదే.

ఇప్పుడు మైపాడు ఒడ్డుకు రండి. 2019లో పడవల డీజిల్‌కు లీటరుకు 9 రూపాయల రాయితీ ఇచ్చారు. రొయ్యల గుంటలకు యూనిట్ 1.50 రూపాయలకే కరెంటన్నారు. మంచిదే. (గుంటల్లో పెద్దవెవరివో అది వేరే చర్చ.) గంప నెత్తినెత్తుకునే స్త్రీకి మాత్రం డీజిల్ ధర ఆటో కిరాయిగా, కరెంటు ధర ఐసు ఖర్చుగా తగులుతుంది. ఆమెకు పడవా లేదు, గుంటా లేదు గనక రాయితీ ఆమె దాకా రాదు. పాటలో చేప ధర ఆమె చేతిలో ఉండదు. ఎండెక్కేకొద్దీ చేప మెత్తబడుతుంది, కొనేవాళ్లు బేరం బిగిస్తారు. ఇక ఐసు సగమే కొంటుంది. ఆటో మానేసి నడుస్తుంది. నేను మాట్లాడిన స్త్రీలెవరూ ఆ నడకను ఖర్చు కింద చెప్పలేదు.

వంటింట్లోనూ ఇంతే. 1999లో దీపం పథకం గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2024లో దీపం-2 ఏడాదికి మూడు బండలు ఉచితమంది, ముందు డబ్బు కట్టించుకుని తర్వాత ఖాతాలో వేసేలా. నాలుగో బండ కొనలేని ఇంట్లో గ్యాస్‌కు గిరాకీ తగ్గిందని లెక్కలు రాసుకుంటాయి. తగ్గిందెక్కడ? సరుగుడు పుల్లలు, తాటి మట్టలు ఏరే పనిగా మారింది. ఆ పని ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు.

విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ఛార్జీల మీద బహిరంగ విచారణ జరుపుతుంది. ఈసారి చేపలమ్మే స్త్రీల తరఫున ఐసు, కిరాయి, నడక లెక్కలతో మనమూ అభ్యంతరం వేద్దామని నా ప్రతిపాదన. ఊరికి పదిమంది ఒక నెల రాసినా చాలు. రాయడం రాని వాళ్ల దగ్గర మన కార్యకర్తలు కూర్చుని రాస్తారు.