పేరు రాయడమూ హక్కుల పనే
(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కరపత్రాల్లో, పోస్టర్లలో ఇప్పుడు చాలా బొమ్మలు ఇంటర్నెట్‌లో దొరికినవే. వాటి కింద "సేకరణ: ఇంటర్నెట్" అని రాసి ఊరుకుంటున్నాం. నేనూ చాలాసార్లు అలాగే రాశాను. ఈ బియ్యం ఎవరు పండించారని అడిగితే సంచిలోంచి తీశామని చెప్పడం లాంటిది ఇది.

స్త్రీల శ్రమకు లెక్క లేదనీ, చరిత్రలో మన పేర్లు లేవనీ అడుగుతూ వచ్చినవాళ్ళం మనం. దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా తీసిన ఫోటోలు మొదట్లో ఆమె భర్త పేరుతో అచ్చయ్యేవి. 2011లో పద్మవిభూషణ్ ప్రకటించేనాటికి ఆమెకు 97 ఏళ్ళు. ఇవాళ ఏ అమ్మాయో తీసిన ఫోటో అంచు కత్తిరించి, మూలనున్న పేరు పోగొట్టి వాడుకుంటే, ఆనాటి పనే మన చేతులతో మళ్ళీ చేస్తున్నట్టు కాదా?

1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, కాపీరైట్ అమ్ముకున్న తర్వాత కూడా ఆ రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. ఫోటో తీసినవారూ ఆ చట్టం దృష్టిలో రచయితే. అయితే పేరు రాసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. అనుమతి విడిగా అడగాలి.

మరి మనం చేయాల్సిందేమిటి? బొమ్మ వచ్చిన దారి పట్టుకుని వెనక్కి వెళ్ళాలి. వాట్సాప్‌లో పంపినవాళ్ళు దాన్ని తీసినవాళ్ళు కారు. తీసినవారి పేరు, మొదట ఎక్కడ వచ్చింది, ఏ సంవత్సరం - ఈ మూడూ రాయాలి. వ్యాసంలోని మాటలు తీసుకుంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. అనువాదమైతే రచయిత్రి పేరుతోపాటు అనువాదకురాలి పేరూ ఉండాలి. ఎవరిదో తేలకపోతే ఆ బొమ్మ వదిలేద్దాం. ఫోటోలు తీయగల అమ్మాయిలు మనలోనే ఉన్నారు.

ఒక్కచోట మాత్రం పేరు దాచి తీరాలి. అత్యాచారానికి గురైన స్త్రీని గుర్తుపట్టేలా వివరాలు అచ్చు వేయడం, ఆమె రాతపూర్వక అనుమతి వంటి కొద్ది సందర్భాల్లో తప్ప, నేరం. 2024 జూలై 1 నుంచి ఇది భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కిందికి వస్తుంది. మూలం చెబుతున్నామనే పేరుతో ఆమె ముఖం కనిపించే వార్తను పంచకూడదు. బాధితురాలి పేరు దాచడమూ, పని చేసినామె పేరు చెప్పడమూ రెండూ గౌరవమే.

వచ్చే మార్చి 8 పోస్టరు వేసేటప్పుడు నినాదం కంటే ముందు ఫోటో తీసినవారి పేరు రాసుకుందాం.