మెట్ల కింద కుక్క పిల్లల్ని పెట్టిందా? ముందు క్యాలెండర్ తీయండి

ఈ ఎపిసోడ్‌లో ఫోన్ రివ్యూ లేదు, ఇంటర్వ్యూ టిప్స్ లేవు. నేను చేసిన ఒక తప్పు గురించి మాట్లాడాలి. చివర్లో మీకు పనికొచ్చే విషయాలు ఉన్నాయి, కాబట్టి స్కిప్ చేయకుండా చూడండి.

2021 వర్షాకాలం. అప్పటికి నేనింకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నా. వర్క్ ఫ్రం హోమ్. హైదరాబాద్‌లో మేముండే ఇల్లు మీలో చాలామంది చూసిన టైపే. పిల్లర్ల మీద ఇల్లు, కింద పార్కింగ్, మెట్ల కింద పాత సామాన్లు పడేసే ఖాళీ. ఒక నల్ల కుక్క అక్కడ అయిదు పిల్లల్ని పెట్టింది. ఓనర్ అంకుల్ నన్ను పిలిచి, "బాబూ, నీకు కారుంది కదా, ఎక్కడైనా దూరంగా వదిలేసి రా" అన్నారు. నేను సరే అన్నాను. తల్లి లేని టైం చూసి, పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి, ఔటర్ రింగ్ రోడ్ దాటాక ఒక ఖాళీ వెంచర్‌లో వదిలేసి వచ్చేశా. వాటికి కళ్లు కూడా తెరుచుకోలేదు.

ఎవరో ఒకరు చూసి పెంచుకుంటారులే అనుకున్నా. తర్వాత ఒక పశువుల డాక్టర్‌ని అడిగితే తెలిసింది. ఆ వయసు పిల్లలు తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు. తల్లి పొట్ట దగ్గర లేకపోతే, పాలు లేకపోతే, ఎక్కువసేపు బతకవు. అంటే నేను వదిలిపెట్టలేదు, చంపేశాను. వేరే మాట లేదు.

తల్లి మూడు రోజులు మెట్ల చుట్టూ తిరిగింది. నా కారు డిక్కీ దగ్గరికొచ్చి వాసన చూసేది. రాత్రంతా ఏడుపు. అప్పటిదాకా ఎవరి జోలికీ పోని కుక్క, మూడో రోజు డెలివరీ అబ్బాయి మీదికి వెళ్లింది. ఇంకో విషయం వినండి. ఆరు నెలలు తిరగకముందే అదే మెట్ల కింద ఇంకో కుక్క వచ్చి పిల్లల్ని పెట్టింది. అక్కడ వాన పడదు, చీకటిగా ఉంటుంది, మూడు వైపులా గోడ. పిల్లల తల్లికి కావాల్సింది అదే. మేం పిల్లల్ని తీసేశాం కానీ, ఆ చోటు అలాగే ఉంది కదా!

సరే, ఇప్పుడు రెండో వైపు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు మీద వీధికుక్కలు దాడి చేసి చంపేశాయి. ఆ సీసీ టీవీ వీడియో మీరూ చూసుంటారు. దాని తర్వాత కుక్కలంటే భయపడేవాళ్లని "మీకు జాలి లేదు" అనడం నాకైతే నోరు రాదు. మా వాచ్‌మన్ అన్నకి మూడేళ్ల పాప. పార్కింగ్‌లోనే ఆడుకుంటుంది. ఆ సంవత్సరం డిసెంబర్ 8న మళ్లీ మెట్ల కింద ఒక గోధుమరంగు కుక్క నాలుగు పిల్లల్ని పెడితే, వాచ్‌మన్ అన్న భయంలో న్యాయం ఉంది. అంకుల్ మళ్లీ నా వైపు చూశారు.

ఈసారి నేను క్యాలెండర్ తీశాను. "అంకుల్, ఫిబ్రవరి 2 దాకా టైం ఇవ్వండి. ఎనిమిది వారాలు. ఈలోపు ఎవరికీ ఇబ్బంది లేకుండా చూసే బాధ్యత నాది" అన్నా. ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

ఆ ఎనిమిది వారాల లెక్క చెప్తాను, రాసుకోండి.

మొదటి రెండు వారాలు: పిల్లల కళ్లు తెరుచుకునే వరకు దగ్గరికి వెళ్లకండి. ముట్టుకోవద్దు, రీల్స్ తీయొద్దు. ఈ టైంలో తల్లి కరిస్తే అది పిచ్చి కాదు, కాపలా. కింద ఒక గోనె సంచి వేసి, ముందు ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టాం, తల్లి వెళ్లేంత సందు వదిలి. వాచ్‌మన్ అన్న పాపకి అటువైపు వెళ్లకూడదని ఒక గీత గీసి చూపించాం. పిల్లలున్న ఇంట్లో ఇది మొదటి పని.

తిండి: తల్లికి పెట్టండి, పిల్లలకి అదే పాలిస్తుంది. అన్నం, ఉడికించిన గుడ్డు, గిన్నెడు నీళ్లు. రోజూ ఒకే టైంలో, ఒకే చోట. మెట్ల దగ్గర, గేటు దగ్గర, పిల్లలు ఆడుకునే చోట మాత్రం వద్దు. 2023 యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్ కూడా అదే చెప్తాయి. జాలిపడి పిల్లలకి ఆవుపాలు పోయకండి, విరేచనాలు పట్టుకుంటాయి.

నాలుగో వారం: ఇప్పుడు నడక మొదలవుతుంది. అసలు డేంజర్ ఇదే, కారు టైర్ల కింద పడుకుంటాయి. బండి తీసేముందు వంగి చూడండి. పిల్లి పిల్లలైతే బానెట్ మీద రెండు తట్లు తట్టి స్టార్ట్ చేయండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలు: నట్టల మందు, మొదటి టీకా. ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో అడగండి. రేబిస్ టీకా మూడో నెలలో. ఎనిమిది వారాలు నిండాకే పెంపకానికి ఇవ్వండి.

తర్వాత తల్లి: పిల్లలు పాలు మానాక మున్సిపాలిటీకి ఫిర్యాదు పెట్టండి. "కుక్కని తీసుకుపోండి" అని కాదు, "ఆపరేషన్ చేయించండి" అని. పాలిచ్చే తల్లిని మాత్రం పట్టకూడదు, రూల్స్‌లోనే ఉంది. ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్లీ అదే వీధిలో వదులుతారు. చెవి కొస కొంచెం కత్తిరించి ఉంటే ఆ కుక్కకి ఆపరేషన్ అయిందని గుర్తు. ఎందుకు మళ్లీ వదలడం అంటారా? మీకు తెలిసిన, టీకా పడిన, ఇక పిల్లల్ని పెట్టని కుక్క పోతే, ఆ ఖాళీలోకి ఏ టీకా లేని కొత్త కుక్క వస్తుంది. మా మెట్ల కింద జరిగింది అదే.

చివరి పని: చోటు మూసేయడం. కానీ లోపల ఏదీ లేదని ఖాయం చేసుకున్నాకే. సింపుల్ ట్రిక్. రాత్రి సందు ముందు ముగ్గుపిండి పల్చగా చల్లండి. వరసగా మూడు రోజులు పొద్దున్న అడుగులు కనపడకపోతే అప్పుడు ఇనుప జాలీ కొట్టించండి.

ఇంకో ముఖ్యమైన మాట. కుక్క కరిచినా, గోరు గీరినా, పుండు మీద నాకినా, ముందు సబ్బు పెట్టి పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏమీ పెట్టొద్దు. అదే రోజు టీకాకి వెళ్లండి, కోర్సు మొత్తం పూర్తి చేయండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం. చొంగ కారుస్తూ, తూలుతూ, కనపడిందల్లా కొరికే కుక్క ఉంటే దాని దగ్గరికి మీరు వెళ్లకండి, మున్సిపాలిటీకి చెప్పండి.

మా నాలుగు పిల్లలు ఏమయ్యాయంటే, రెండింటిని పెంచుకోవడానికి తీసుకెళ్లారు. ఒకటి రక్త విరేచనాలతో చనిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లాం, కానీ లేటయింది. ఒకటి తల్లితోనే వీధిలో ఉండిపోయింది. తర్వాత ఆ రెండిటికీ ఆపరేషన్ అయింది. మెట్ల కింద జాలీ పడింది. అంకుల్‌కి ఇప్పటికీ కుక్కలంటే ఇష్టం లేదు. కానీ మొన్న పక్కింటాయన "ఎక్కడైనా వదిలేసి రావాలి" అంటే, "ఎన్ని వారాల పిల్లలండీ?" అని ఆయనే అడిగారు.

ఆ అయిదు పిల్లలకి నేనిప్పుడు ఏం చేయలేను. మీ ఇంటి కింద ఇప్పుడు ఉన్నవాటికి మీరు చేయగలరు. కుక్కల్ని ప్రేమించమని అడగట్లేదు, ఎనిమిది వారాలు ఆగమంటున్నా. అట్టపెట్టె తీసేముందు క్యాలెండర్ తీయండి.

మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే ఏం చేశారో కామెంట్‌లో రాయండి. నాలాగ తప్పు చేసినా రాయండి, ఎవరూ తిట్టకుండా నేను చూసుకుంటా. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.